మా నాయన వెతికిన తప్పు

సునీతగారు నరసరావుపేటలోని మా ఇంటికి వచ్చేసరికి నేను వంకాయలు తరుగుతున్నాను. ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతారు. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. రెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా పల్నాడు పల్లెల్లోని పాత చర్చిలు తిరిగి, మా నాయన దేవసహాయం చేసిన చెక్క పెట్టెలు ఎక్కడెక్కడ మిగిలాయో వెతికి ఫొటోలు తీసుకుంటున్నారట. ఈ ప్రాంతంలో కరెంటు గిటారుని సొంత చేతులతో చేసి, దాన్ని ప్రార్థనల్లో వాయించిన మొదటి మనిషి ఆయనేనని ఆవిడ నమ్మకం. చిన్న పుస్తకం వేస్తామనీ, అందులో ఆయన ఇంట్లో ఎలా ఉండేవాడో నేను నాలుగు పేజీలు రాయాలనీ అడిగారు. నేను రిటైరైన తెలుగు టీచర్ని. నాలుగు పుస్తకాలు అచ్చువేశాను. చుట్టాల్లో, ఇరుగుపొరుగుల్లో నా కలం పడని వాళ్ళు తక్కువ. అందరి తప్పులూ ఏరి ఏరి రాశానని నా మీద కోపం ఉన్నవాళ్ళూ ఉన్నారు. మా నాయన గురించి మాత్రం ఒక్క పేజీ రాయలేదు. ఎవరన్నా అడిగితే తీరిక లేదని చెప్పేదాన్ని. రిటైరయ్యాక నాకున్న పనల్లా మిద్దె మీదికొచ్చే పిల్లులకి పేర్లు పెట్టడమే, అయినా ఆ మాటే చెప్పేదాన్ని.

ఆవిడ సంచిలోంచి పొడుగాటి నోటుపుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అట్ట చూడగానే పోల్చుకున్నాను. మాచర్లలో మా నాయన వైండింగ్ షాపులో మేకుకి తగిలించి ఉండేది అది. షాపు మూతపడ్డాక ఆయన దగ్గర పనిచేసిన చివరి మెకానిక్ దాచి ఉంచాడట. అందులో సగానికి పైగా ఒకే బొమ్మ. మా నాయన గిటారుకి చేసిన ఆంప్లిఫయర్ లోపల తీగలు ఎలా పోతాయో చూపించే బొమ్మ, మళ్ళీ మళ్ళీ, రకరకాలుగా. పక్కనే ప్రశ్నలు, కొట్టివేతలు. సునీతగారు ఆ బొమ్మ ప్రకారం కాలేజీలో అలాంటిదే ఒకటి కట్టి చూశారట. “అందులో తప్పేమీ లేదండీ. చాలా శుభ్రమైన పని. మరి ఆయన అన్నేళ్ళు ఏ తప్పు కోసం వెతికారో నాకు అర్థం కాలేదు,” అన్నారు. తర్వాత మొదటి బొమ్మ ఉన్న పేజీ తీసి నా ముందుకు జరిపారు. పైన ఎర్ర పెన్సిల్‌తో, అంగడి అట్టల మీద రాసేలాంటి ఆ పెద్ద అక్షరాలతో మా నాయన రాసుకున్న మాట ఉంది. “ప్లగ్గు కాదు. రూతమ్మని అడిగాను.”

రూతమ్మ అంటే మీరే కదా అని ఆవిడ అడిగారు. నేనేనన్నాను. కాఫీ పెడతానని లేచాను. తరిగిన వంకాయ ముక్కలు నీళ్ళలో వేయడం మర్చిపోయాను. ఆవిడ వెళ్ళాక చూస్తే అన్నీ నల్లబడిపోయి ఉన్నాయి.

మా షాపు మాచర్లలో రోడ్డు మీదే. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనెపట్టా తెర. చేలల్లో బావుల మోటార్లు కాలిపోతే బండ్ల మీద వేసుకుని తెచ్చేవాళ్ళు. కాలిన రాగి తీగ ఊడదీసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఎండలో ఆరబెట్టి ఇవ్వడం నాయన పని. ఇంట్లో ఎప్పుడూ ఆ వార్నిష్ వాసనే. అన్నంలో, దుప్పట్లలో, బడి పుస్తకాల్లో కూడా. మిరపకాయల రోజుల్లో మా అమ్మ పెరట్లో కాయలు ఆరబోసేది, ఆ ఘాటూ ఈ వాసనా కలిసి కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు. మాకు అదేమీ తెలిసేది కాదు. నేను టీచర్ ట్రైనింగ్‌కి గుంటూరు వెళ్ళి మొదటిసారి హాస్టల్లో పడుకున్నప్పుడు, గాలి మరీ ఖాళీగా ఉన్నట్టనిపించి నిద్ర పట్టలేదు.

నాయన తీగ చుట్టేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. ఒక్కో చుట్టకి ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది, మధ్యలో నోరు తెరిస్తే లెక్క పోతుంది. అన్నానికి పిలవాలంటే అమ్మ తెర వెనక నుంచి కంచం మీద గరిటెతో రెండుసార్లు కొట్టేది. ఆయన ఎడమచేతి వేలు ఒకటి పైకెత్తేవాడు, అంటే వస్తున్నానని. వంద చుట్లయితే ఒక చింతగింజ తీసి పక్కనున్న గిన్నెలో వేసేవాడు. చూపు ఆనకపోవడం మొదలయ్యాక కళ్ళజోడు కాలు విరిగితే మోటారు తీగతోనే కట్టుకున్నాడు, చివరిదాకా అదే కళ్ళజోడు. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు కూడా తెల్లచొక్కా జేబులో టెస్టర్ ఉండాల్సిందే. ఎర్ర పిడి, లోపల చిన్న దీపం ఉండే టెస్టర్. ప్రార్థనలో తల వంచితే అది జారి పడేది. పడ్డప్పుడల్లా అమ్మ మోచేత్తో పొడిచేది.

సాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో పెళ్ళికి ముందు ఆయన అక్కడ కరెంటు పని చేశాడు. ఎవరో ఇంజనీరు ఇంట్లో ఫ్యాను బాగుచేయడానికి వెళితే బల్ల మీద ఒక విదేశీ పత్రిక ఉందట. అందులో ఒక మనిషి పలకలాంటి గిటారు పట్టుకుని నిలబడ్డాడు, దాని నుంచి ఒక తీగ కిందికి పోతోంది. ఆ బొమ్మ చూసినంతసేపే ఆయనకి దొరికిన చదువు. మిగతాదంతా తనే ఆలోచించుకున్నాడు. టేకు చెక్కతో ఒళ్ళు, సైకిలు పుల్లలు కోసి మెడ మీద మెట్లు, పగిలిన లౌడుస్పీకరులోంచి అయస్కాంతం. దాని చుట్టూ వెంట్రుకంత సన్నని తీగ, పాత రేడియోలోంచి తీసింది, వేలకి వేల చుట్లు. ఆ తీగ నాలుగుసార్లు తెగింది, నాలుగుసార్లూ మొదటి నుంచి చుట్టాడు. ఆంప్లిఫయర్ కూడా పాత రేడియో సామానుతోనే చేశాడు. రేకు పెట్టె, పైన గుడ్డ. మేం దాన్ని డబ్బా అనేవాళ్ళం. నాకు ఊహ తెలిసేసరికి మాచర్ల నుంచి గురజాల దాకా ఏ సంఘంలో పండగైనా మా నాయన గిటారూ డబ్బా సైకిలు మీద వెళ్ళాల్సిందే. సంఘాల్లో కొందరు పెద్దలకి అది నచ్చలేదు. దేవుడి ఇంట్లోకి కరెంటు పాట ఏంటని గొణిగేవాళ్ళు. గిటారు మోగడం మొదలుపెట్టాక ఆ గొణుగుడు వినపడేది కాదు.

చేసింది నాయనే గానీ, దాన్ని పాడించింది మా ఇమ్మానియేలు బాబాయి. నాయన తమ్ముడు. నాయన వేళ్ళు మోటార్లు మోసి మొద్దుబారినవి, వాయించేవాడు గానీ లెక్కగా వాయించేవాడు. బాబాయి వేళ్ళు సన్నగా, పొడుగ్గా ఉండేవి. ఆయన వాయిస్తుంటే వంటింట్లో అమ్మ పోపు మాడ్చేసేది. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకడు స్క్రూ తిప్పుతూ, ఒకడు తీగ మీటుతూ, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ సాయంత్రాలు గడిపేవాళ్ళు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు తక్కువ. ఆ రెండు మొహాల్లోని తృప్తి నేను మళ్ళీ ఏ ఇద్దరు మనుషుల మధ్యా చూడలేదు, నా కాపురంతో సహా.

ఆ డబ్బాలో ఒక ప్రమాదం ఉండేది, అది నాయనకి తెలుసు. గోడలోని రెండు తీగల్లో ఒకటి షాకు కొట్టేది, మా మాటలో కరిచేది, ఒకటి కరవనిది. ఆ రోజుల్లో ప్లగ్గుకి రెండే కాళ్ళు, అది ఎటైనా దూరుతుంది. ఒకవైపు పెడితే కరవని తీగ డబ్బా రేకుకి వస్తుంది, తిప్పి పెడితే కరిచేది వస్తుంది. రేకుకీ గిటారు తీగలకీ లోపల సంబంధం ఉంది కాబట్టి, తిప్పి పెడితే గిటారే కరుస్తుంది. ప్లగ్గు మీద గుర్తు పెట్టుకుందామంటే ఒక్కో ఊళ్ళో గోడ బోర్డు ఒక్కోలా బిగించి ఉండేది, గుర్తుకి అర్థం లేదు. అందుకని ఏ ఊరు వెళ్ళినా ప్లగ్గు తనే పెట్టి, డబ్బా రేకు మీద టెస్టర్ ఆనించేవాడు. దీపం వెలిగితే ప్లగ్గు తీసి తిప్పి పెట్టేవాడు. వెలగకపోతే బాబాయి వైపు చూసి తల ఊపేవాడు. అప్పుడు గాని బాబాయి గిటారు ముట్టుకునేవాడు కాదు. ప్లగ్గు తను తప్ప ఎవరూ ముట్టకూడదని నాయన మా అందరికీ చెప్పి ఉంచాడు. నాకు మరీ ప్రత్యేకంగా చెప్పాడు, ఎందుకంటే నాకు అన్నిట్లో వేలు పెట్టే బుద్ధి.

మాచవరం దగ్గర ఒక చిన్న ఊళ్ళో కోత పండగ. పొద్దున ఆరాధన. ఆడవాళ్ళు గుమ్మడికాయలూ, మిరపకాయల బస్తాలూ, జొన్న కంకులూ తెచ్చి ముందు పెడుతున్నారు. నాకు పన్నెండేళ్ళు. మట్టి నేల దుమ్ము రేగకుండా నీళ్ళు చల్లారు. నాయన ప్లగ్గు పెట్టాడు, టెస్టర్ ఆనించాడు, తల ఊపాడు. కాసేపటికి కరెంటు పోయింది. అప్పట్లో అది రోజూ ఉండేదే, ఎవరూ పట్టించుకోలేదు. చర్చి అయ్యగారు కరెంటు వచ్చిందాకా బైబిలు వాక్యం చెబుతానని లేచాడు. నాయన వెనక బెంచీ మీద కూర్చున్నాడు. వెళ్ళేముందు ఉక్కపోతకి చొక్కా విప్పి బోర్డు పక్కన మేకుకి తగిలించాడు. అప్పుడు ఒక పెద్దామె గుమ్మడికాయ ఎత్తుకుని వస్తూ తీగ తన్నుకుంది. ప్లగ్గు ఊడి కింద పడింది. ఆమె చూసుకోలేదు. ఇంకెవరూ చూడలేదు. నేను చూశాను.

నాయన్ని పిలవాల్సింది. కానీ అయ్యగారు మాట్లాడుతున్నాడు, నేను ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఉన్నాను, పైగా ఆ పని నాకు తెలుసు. వందసార్లు చూశాను. మిరపకాయల బస్తాల చాటున మెల్లగా వెళ్ళి ప్లగ్గు తీసుకుని బోర్డులో పెట్టాను. నాయన చొక్కా జేబులోంచి టెస్టర్ తీసి, ఆయన ఆనించినట్టే డబ్బా రేకు మీద ఆనించాను. దీపం వెలగలేదు. సరిగ్గా పెట్టానని ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. టెస్టర్ మళ్ళీ జేబులో పెట్టి వచ్చి కూర్చున్నాను. కరెంటు లేని డబ్బా మీద టెస్టర్ పెట్టానన్న ఆలోచనే నాకు రాలేదు.

బాబాయి గిటారు ఒళ్ళో పెట్టుకుని, తడి నేల మీద చెప్పులు లేని కాళ్ళు ఆనించి కూర్చుని, ఎడమచెయ్యి తీగల మీద ఉంచి ఎదురుచూస్తున్నాడు. ఇందాకే నాయన తల ఊపాడు కాబట్టి ఆయనకి అనుమానం లేదు. కరెంటు వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బాబాయి అరవలేదు. ఆయన నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. వేళ్ళు తీగల మీద బిగుసుకుపోయాయి, ఆయన వదిలించుకోలేకపోతున్నాడు, మెడ నరాలు లేచాయి. నాయన బెంచీలు తోసుకుంటూ వచ్చి తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ప్లగ్గు గోడలోంచి ఊడి వచ్చింది. బాబాయి ప్రాణం దక్కింది. ప్లగ్గు ఎటు పెట్టి ఉందో ఇక ఎవరూ చూడడానికి లేకుండా పోయింది.

ఎడమచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ లోపలికి ముడుచుకుపోయాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో నెల రోజులున్నా అవి తెరుచుకోలేదు. ఆస్పత్రి మంచం మీద బాబాయి నాయనతో ఒక్కటే అన్నాడట, నీ డబ్బా నా చెయ్యి తినేసిందన్నా అని. ఇక ఆ తర్వాత నాయనతో మాట్లాడలేదు, గురజాలకి మారిపోయాడు. సంఘంలో గొణిగేవాళ్ళకి మంచి అవకాశం దొరికింది. దేవుడు చూపించాడని అన్నారు. నాయన పండగ అయిన రెండో రోజు సాయంత్రం నన్ను షాపులోకి పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టి, “అమ్మా రూతూ, నువ్వు ముందు కూర్చున్నావు గదా. నేను లేచినాక ప్లగ్గు ఎవరన్నా ముట్టుకున్నారా?” అని అడిగాడు. గట్టిగా అడగలేదు. నాకు భయం వేసింది, ముట్టకూడదన్నది ముట్టినందుకు. అయినా టెస్టర్ పెట్టి చూశాను కదా, దీపం వెలగలేదు కదా, నా వల్ల కాదు కదా అని మనసులో ధైర్యం కూడా ఉంది. “లేదు నాయనా, ఎవరూ ముట్టుకోలా,” అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి సరే పోయి చదువుకో అన్నాడు. ఆ సాయంత్రమే నోటుపుస్తకంలో ఎర్ర పెన్సిల్‌తో రాసి ఉంటాడు.

ఇంకో పదిరోజులకి నాకు తెలిసింది. ఇంట్లో కరెంటు లేదు. అమ్మ రేడియో ముట్టుకుంటే జిల్లుమంటోందని రెండురోజులుగా చెబుతోంది, ఇప్పుడు చూడమని నాయనకి టెస్టర్ తెచ్చి ఇచ్చింది. నాయన నవ్వాడు. ఆ పండగ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. “కరెంటు లేనప్పుడు టెస్టర్ని అడిగితే ఏం చెప్పుద్దే పిచ్చిదానా. కరెంటు రానీ,” అన్నాడు. నేను లెక్కల పుస్తకం ముందేసుకుని అరుగు మీద కూర్చున్నాను. చేతిలో పెన్సిలు అక్కడే పెట్టేశాను. తెర అవతల షాపు బల్ల మీద డబ్బా మూత తీసి ఉంది. నాయన అందులో తప్పు వెతకడం అప్పటికే మొదలుపెట్టాడు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నాకు తెలుసు. మా నాయన పిల్లల మీద చెయ్యి ఎత్తిన మనిషి కాదు. ఆ పూట చెప్పలేదు, రేపు చెబుదామనుకున్నాను. రేపటికి అబద్ధం ఒకటి కాదు రెండైంది. పదో తరగతికి వచ్చేసరికి అది మా ఇంటి గోడల్లో ఒక గోడైంది, దాన్ని కదిలిస్తే కప్పు మీద పడుతుందనిపించేది. షాపులో పని అయ్యాక ఆయన డబ్బా ముందు కూర్చునేవాడు. ఒక్కో భాగం విప్పి, తుడిచి, కొలిచి, మళ్ళీ బిగించేవాడు. ఏదో ఒక చోట తీగ రేకుకి తగిలి ఉండాలి, అది తనకి కనపడటం లేదు, అంతే. తెలిసిన రేడియో మెకానిక్‌లకి చూపించాడు. అందరూ బాగానే ఉందన్నారు. బాగానే ఉంటే మా తమ్ముడి చెయ్యి ఎట్టా పోయిందయ్యా అని వాళ్ళని అడిగేవాడు. నేను పక్కనే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి వినేదాన్ని. ఆయన గిటారు మళ్ళీ వాయించలేదు. గోనెలో చుట్టి అటక మీద పెట్టాడు. కొన్నాళ్ళకి చెద పట్టింది.

ఆ వెతుకులాటలోనే పెట్టె పుట్టింది. తప్పు దొరకలేదు కాబట్టి, తప్పు ఎక్కడున్నా మనిషిని ముట్టకుండా చేయాలని ఆయన ఆలోచన. గోడ కరెంటుకీ డబ్బాకీ మధ్యలో రెండు రాగి చుట్టలు, ఒకదానికొకటి తగలవు, అయినా మొదటిదాని బలం రెండోదానికి అందుతుంది. అది చెక్క పెట్టెలో బిగించాడు. ఇక ప్లగ్గు ఎటు పెట్టినా, లోపల ఏం తగిలినా, గిటారు కరవదు. అది ఆయనకి ముందే తెలిసిన విద్యే. అంత బరువు సైకిలు మీద ఎందుకు మోయాలి, టెస్టర్ ఉంది కదా అని అంతకుముందు అనుకున్నాడట. ఇప్పుడు ఏ సంఘంలో గిటారు గానీ మైకు గానీ కొన్నారని తెలిసినా ఒక పెట్టె చుట్టి, తనే తీసుకెళ్ళి, బిగించి వచ్చేవాడు. క్రోసూరు అవతలి పల్లెల దాకా వెళ్ళాడు. మొట్టమొదటి పెట్టె గురజాలలో బాబాయి వెళ్ళే చర్చికి ఇచ్చాడు. బాబాయి దాన్ని మోయించి మా షాపు గుమ్మంలో పెట్టించి పోయాడు. నాయన లోపలికి తెచ్చుకుని, మర్నాడు ఇంకో ఊరికి ఇచ్చేశాడు.

ఆ పెట్టెల వల్ల ఎంతమంది బతికారో చెప్పలేమని సునీతగారు అన్నారు. గిటారు కన్నా అదే ఆయన అసలు ఆవిష్కరణ, పల్లెల్లో పెద్దలు చెప్పగా విన్న ఆ ప్రమాదం జరగకపోతే అది వచ్చేదే కాదు అని కూడా అన్నారు. మంచి మనసుతో అన్న మాటే. ఆ మాటతో నన్ను నేను సముదాయించుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను, ఆవిడ కొత్తగా చెప్పిందేం కాదు. నా వల్ల కాలేదు. పెట్టెలు మంచివే. కానీ ఆ మనిషి ప్రతి పెట్టె చుడుతున్నంతసేపూ తన తమ్ముడి చెయ్యి తన చేతులతో పోగొట్టాననుకుంటూ చుట్టాడు. ఒక్క మాటతో ఆ బరువు దించగలిగిన కూతురు తెర ఇవతల చదువుకుంటూ ఉంది. చదివి టీచరైంది, పిల్లలకి నిజాయితీ మీద వ్యాసాలు రాయించింది. నేనే దిద్ది మార్కులు వేశాను.

ఇప్పుడు మా వీధి చర్చిలో పిల్లలు వాయించే గిటార్లు చూస్తుంటాను. ఫోన్‌లో చూసి నేర్చుకుంటారు, చానా బాగా వాయిస్తారు. ప్లగ్గుకి మూడు కాళ్ళు, అది ఒక్కవైపే దూరుతుంది. ఎవరూ ఎవరికీ తల ఊపాల్సిన పని లేదు. మంచిదే, కరెంటు ఎవరినీ కరవకపోవడం కన్నా ఏం కావాలి. అయినా ఆ తల ఊపు నాకు కళ్ళ ముందు నుంచి పోదు. ఒక మనిషి చూసి చెబితే ఇంకో మనిషి తన ఒళ్ళు అప్పగించే కాలం అది. ఆ రోజు వాళ్ళిద్దరి మధ్యలోకి నేను దూరాను.

నాయన చివరి రోజుల్లో గుంటూరు ఆస్పత్రిలో నేనే పక్కనున్నాను. నాకప్పుడు యాభై దాటాయి. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, “తప్పు దొరకలేదమ్మా,” అన్నాడు. దేని గురించో అడగక్కర్లేదు. గది ఖాళీ, నేనూ ఆయనా తప్ప ఎవరూ లేరు. నోటిదాకా వచ్చింది. “పడుకో నాయనా,” అన్నాను. ఆయన పడుకున్నాడు. నాయన పోయాక సమాధి చేసే రోజు బాబాయి రాలేదు. అందరూ గుప్పెడు గుప్పెడు మట్టి వేస్తుంటే, తమ్ముడు ఏడని ఎవరో అడిగారు. ఆయనకి కోపం ఇంకా పోలేదని ఇంకెవరో చెప్పారు. అప్పుడు కూడా నేను ఊరుకున్నాను.

సునీతగారు వచ్చి వెళ్ళిన మూడో రోజు పొద్దునే బస్సెక్కి గురజాల వెళ్ళాను. ఆ నోటుపుస్తకం అచ్చులోకి వస్తుంది. ఒక గొప్ప మనిషి తన యంత్రంలో పొరపాటు వల్ల తమ్ముడి చెయ్యి పోగొట్టి, దానికి ప్రాయశ్చిత్తంగా పెట్టెలు చేశాడని నలుగురూ చదువుతారు. బాబాయి ఇంకా బతికే ఉన్నాడు, అది అచ్చు కాకముందే ఆయనకి నిజం తెలియాలి. ఎనభై దాటిన మనిషి. ఆయన వరండాలో మంచం మీద కూర్చుని కుడిచేత్తో వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. ఎడమచెయ్యి చేటని పట్టుకుని ఉంది, మడత పడ్డ రెండు వేళ్ళూ చేట అంచు కింద. నన్ను చూసి ఏంది రూతూ ఇట్టా వచ్చావని అడిగాడు. నాతో ఎప్పుడూ మాట్లాడేవాడు, పెళ్ళిళ్ళలో పలకరించేవాడు. ఆయన కోపమంతా నాయన మీదే.

చెప్పాను. గుమ్మడికాయ, ఊడిన ప్లగ్గు, కరెంటు లేని డబ్బా మీద టెస్టర్, నాయన అడగడం, నేను లేదనడం. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను. బాబాయి వలవడం మానేశాడు. నేను క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీ నాయనకి చెప్పావా?”

“లేదు బాబాయ్.”

“చెప్తే కొట్టేవోడా మా అన్న?”

“లేదు.”

“నేను కొట్టేవోణ్ణా?”

“లేదు బాబాయ్.”

“మరెందుకే చెప్పలా?” అన్నాడు. ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నదీ అదే. ఆయన ముడుచుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాని వంక చూస్తూ కూర్చున్నాడు. “చెయ్యి పోయింది, పోనీ. మా అన్నని గూడా పోగొట్టావు గదే నువ్వు,” అన్నాడు. గొంతు పెంచలేదు. నేను ఏడవడానికి కూడా అర్హత లేనట్టు అలాగే నిలబడ్డాను. తర్వాత ఆయన లోపలికి వెళ్ళి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గుండీలు కుడిచేత్తోనే పెట్టుకున్నాడు, నేను సాయం చేయబోతే పక్కకి జరిగాడు. ఆటో పిలవమన్నాడు, మాచర్ల పోదామన్నాడు.

సమాధుల తోట గేటు దగ్గర ఆటో దిగి, నేను వెంట నడవబోతే ఆగమన్నాడు. “నువ్వు ఈడే ఉండు. ముందు నాకూ మా అన్నకీ పనుంది,” అన్నాడు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆయన మెల్లగా నడిచి వెళ్ళి, రాళ్ళ మీద పేర్లు చదువుకుంటూ, ఆ రాయి దగ్గర ఆగాడు. తమ్ముడికి అన్న సమాధి ఎక్కడో తెలియకపోవడం నా కళ్ళతో చూశాను. వంగి గుప్పెడు మట్టి తీసి వేశాడు. చాలాసేపు మాట్లాడాడు. పెదవులు కదలడం కనపడుతోంది గానీ మాట వినపడలేదు. ఒకసారి ఎడమచెయ్యి ముందుకి చాపి చూపించాడు.

తిరిగి వచ్చి గేటు దగ్గర నా ముందు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోలేదు.

“తప్పు నీది గాదన్నా అని చెప్పా,” అన్నాడు. “ఎవురిదో చెప్పలా. అది నువ్వు పోయి చెప్పుకో.”

గేటు తీసి నాకు దారి ఇచ్చాడు. నేను లోపలికి నడిచాను.